ముద్ర ఎవరి మీద?
ఇంగ్లండు బడుల్లో తాత్కాలిక పంతులమ్మల చరిత్ర

సెలవు మీద వెళ్ళిన టీచరు స్థానంలో రోజు లెక్కనో వారం లెక్కనో వచ్చి పాఠం చెప్పి వెళ్ళే మనిషిని ఇంగ్లండులో సప్లై టీచర్ అంటారు. మన దగ్గర లీవు వేకెన్సీ టీచర్ అనేవాళ్ళం. ఆ దేశంలో గత ముప్ఫై ఏళ్ళకు పైగా ఇలాంటి టీచర్లను బడులకు పంపే పని ఎక్కువగా ప్రైవేటు ఏజెన్సీల చేతుల్లో ఉంది. 2002లో అక్కడి విద్యాశాఖ, నియామక ఏజెన్సీల సంఘమూ కలిసి ఈ ఏజెన్సీల కోసం ‘క్వాలిటీ మార్క్’ అనే నాణ్యతా ముద్రను ప్రవేశపెట్టాయి. కోరుకున్న ఏజెన్సీ దరఖాస్తు పెట్టుకునేది. పరిశీలకులు దాని పద్ధతులు చూసేవారు. అన్నీ సరిగ్గా ఉంటే ముద్ర వేసేవారు. హెడ్మాస్టరు ఆ ముద్ర చూసి ధైర్యంగా టీచరును పిలిపించుకోగలిగేవారు.

పైకి ఇది పాలనకు సంబంధించిన చిన్న ఏర్పాటు. సాహిత్య పరిశోధనలో పెరిగిన నాకు దీంతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో గవర్నెస్ పాత్రల గురించి చదువుతున్నప్పుడు ఒక ప్రశ్న నన్ను వదలలేదు. చదువు చెప్పే ఆడమనిషిని, ఆమెకు పని ఇచ్చేవాళ్ళను కలిపే మధ్యవర్తి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు. ఆ మధ్యవర్తి ఆమె గురించి హామీ ఇస్తాడు. ఆమెకు ఎవరు హామీ ఇస్తారు? ఈ ప్రశ్నతో వెనక్కి వెళ్ళి చూస్తే 2002 నాటి ముద్రకు నూట యాభై ఏళ్ళ ముందు చరిత్ర కనిపించింది. అది పూర్తిగా స్త్రీల చరిత్ర.

గవర్నెస్‌ల రిజిస్టరు

1847లో వచ్చిన షార్లెట్ బ్రాంటీ నవలలో జేన్ ఐర్ ఉద్యోగం వెతుక్కున్న తీరు గుర్తుంది కదా. ఆమెకు సిఫారసు చేసేవాళ్ళు లేరు. తనే పత్రికకు ప్రకటన రాసి, డబ్బులు కట్టి పంపుతుంది. ఒకే ఒక్క జవాబు వస్తుంది. జీతం ఏడాదికి 30 పౌండ్లు. లోవుడ్ బడిలో ఆమెకు వచ్చేదానికి అది రెట్టింపు. వెళ్ళబోయే ఇల్లు ఎలాంటిదో, యజమాని ఎవరో ఆమెకు తెలియదు. ఆమె గుణగణాల గురించి మాత్రం అవతలివాళ్ళు ధ్రువపత్రం తెప్పించుకుంటారు. మధ్యతరగతి స్త్రీకి గౌరవంగా దొరికే దాదాపు ఏకైక పనిలో సమాచారం ఎంత ఏకపక్షంగా ప్రవహించేదో చెప్పడానికి ఈ ఒక్క ఘట్టం చాలు.

అదే కాలంలో లండన్‌లో గవర్నెస్‌ల సహాయ సంస్థ పనిచేస్తోంది. 1840ల తొలినాళ్ళలో మొదలైన ఈ సంస్థ వృద్ధులైన గవర్నెస్‌లకు చిన్నపాటి పింఛను ఇచ్చేది. పని లేనివాళ్ళకు తాత్కాలికంగా వసతి చూపించేది. ఉచిత రిజిస్టరు కూడా నడిపింది. పని కావాల్సిన గవర్నెస్ పేరు నమోదు చేసుకుంటుంది, గవర్నెస్ కావాల్సిన కుటుంబం అక్కడ విచారిస్తుంది. లాభం కోసం నడవని నియామక ఏజెన్సీ అన్నమాట. 1851 జనాభా లెక్కల్లో గవర్నెస్‌లు దాదాపు 25 వేలమంది. పని కోరేవాళ్ళు ఎక్కువ, మంచి చోట్లు తక్కువ. వీరిలో చాలామందికి తాము బోధించాల్సిన విషయాల్లో క్రమమైన చదువు లేదు. అందుకని పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇద్దామన్నారు. పరీక్ష పెట్టాలంటే ముందు చదువు చెప్పాలి. ఆ ఆలోచనలోంచే 1848లో క్వీన్స్ కాలేజీ పుట్టింది. మరుసటి ఏడాది ఎలిజబెత్ జెస్సర్ రీడ్ బెడ్‌ఫర్డ్ కాలేజీ స్థాపించింది. ఇంగ్లండులో స్త్రీల ఉన్నత విద్యకు ఒక మూలం నియామక రిజిస్టరులో ఎదురైన నాణ్యత సమస్య దగ్గర ఉందన్నమాట. నాణ్యతా ప్రమాణం అనే మాట స్త్రీలకు ఎప్పుడూ సంకెల కాలేదని ఒప్పుకోవడానికే ఇది చెబుతున్నాను. అప్పుడు అది తలుపు కూడా తెరిచింది.

అయితే దాని రెండో ముఖం కూడా అప్పుడే బయటపడింది. 1848 డిసెంబరులో క్వార్టర్లీ రివ్యూ పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ ఒకే వ్యాసంలో మూడింటిని సమీక్షించింది. వానిటీ ఫెయిర్, జేన్ ఐర్, ఆ సహాయ సంస్థ 1847 నివేదిక. జేన్ ఐర్ నవలలో దైవభక్తికి విరుద్ధమైన ధిక్కారం ఉందని మండిపడిన వ్యాసంగా సాహిత్య విద్యార్థులకు అది బాగా తెలుసు. గవర్నెస్‌ల గురించి ఆమె రాసిన భాగాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోం. పుట్టుకలో, పెంపకంలో తమతో సమానమైన ఆడపిల్లే తమ పిల్లలకు చదువు చెప్పాలని ఇంగ్లండు పెద్ద కుటుంబాలు కోరుకుంటాయని, అలాంటి పిల్లలు దొరకాలంటే ఎక్కడో ఎవరి తండ్రో ఆస్తి పోగొట్టుకోక తప్పదని ఆమె నిర్మొహమాటంగా చెప్పింది. గవర్నెస్‌ల మీద ఆమెకు జాలి లేకపోలేదు. కానీ ఆ జాలి వ్యవస్థను ప్రశ్నించదు. ఒక స్త్రీ పతనం మరో ఇంటికి నాణ్యమైన చదువుగా మారడం ఆమెకు సహజంగానే తోచింది.

పద్దెనిమిదేళ్ళు, టీకా

గవర్నెస్ వ్యవహారం మధ్యతరగతి ఇళ్ళకు సంబంధించింది. పేద పిల్లల బడుల కథ వేరు. 1870 విద్యా చట్టం తర్వాత బడులు పెరిగాయి, టీచర్ల అవసరం పెరిగింది. శిక్షణ పొందిన టీచరుకు ఎక్కువ జీతం ఇవ్వాలి. బడి నడిపేవాళ్ళు చవకైన దారి వెతికారు. 1890 నాటి విద్యా నియమావళిలోని 68వ నిబంధన ఆ దారి చూపించింది. దాని కింద అదనపు టీచరుగా చేరడానికి కావాల్సిన అర్హతలు ఇవి: స్త్రీ అయివుండాలి, 18 ఏళ్ళు దాటాలి, మశూచి టీకా వేయించుకుని ఉండాలి, ఇన్‌స్పెక్టరుకు నచ్చాలి. చదువు గురించి ఒక్క మాట లేదు. తర్వాతి కాలంలో వీళ్ళను సప్లిమెంటరీ టీచర్లన్నారు. చిన్న తరగతుల్లో, పల్లెటూరి బడుల్లో వీళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు.

ఈ నిబంధనను తలచుకుంటే నవ్వు రావడం మామూలే. టీచర్ల సంఘాలు కూడా దాన్ని ఎగతాళి చేశాయి. కానీ ఎగతాళి ఎవరి మీద పడిందో చూడాలి. చదువులేని ఆడపిల్లలు వృత్తి గౌరవాన్ని దిగజారుస్తున్నారనే ఫిర్యాదు బలంగా వినిపించింది. తక్కువ జీతానికి వాళ్ళను పెట్టుకున్న యాజమాన్యాల పేరు ఆ ఫిర్యాదులో అంత గట్టిగా వినిపించదు. తాత్కాలిక టీచరును నాణ్యత లేని మనిషిగా చూసే అలవాటు ఇక్కడ స్థిరపడిందనుకుంటాను. ఆమెకు శిక్షణ ఇవ్వనిది వ్యవస్థ. శిక్షణ లేదన్న నింద ఆమెది.

డి.హెచ్. లారెన్స్ 1915లో రాసిన ‘ది రెయిన్‌బో’లో ఉర్సులా బ్రాంగ్వెన్ ఇలాంటి ధ్రువపత్రం లేని టీచరే. లారెన్స్ తానే బడిపంతులుగా పనిచేసినవాడు కాబట్టి ఆ గది, ఆ కిక్కిరిసిన బెంచీలు, ఆ హెడ్మాస్టరు కళ్ళకు కడతారు. పిల్లలను ప్రేమతో గెలుచుకుందామని వెళ్ళిన పిల్ల చివరికి బెత్తం పట్టుకుంటుంది. ఆమెకు మెళకువలు నేర్పినవాళ్ళు లేరు. విఫలమైతే పంపేయడానికి మాత్రం అందరూ సిద్ధంగా ఉన్నారు. ఆ కొన్ని అధ్యాయాలను నేను శ్రమకు సంబంధించిన పత్రంలా చదువుతాను.

పెళ్ళి అనే అనర్హత

ఇరవయ్యో శతాబ్దంలో తాత్కాలిక టీచర్ల వర్గం తయారవడానికి అసలు కారణం పెళ్ళి నిషేధం. పెళ్ళి కాగానే స్త్రీ టీచరు ఉద్యోగం వదులుకోవాలనే నియమం చాలా స్థానిక సంస్థల్లో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మగ టీచర్లు సైన్యంలోకి వెళితే పెళ్ళైన స్త్రీలను మళ్ళీ పిలిచారు. యుద్ధం ముగిశాక, ఖర్చు తగ్గించాలనే ఒత్తిడి రాగానే మళ్ళీ ఇంటికి పంపారు. స్త్రీత్వం గానీ వివాహం గానీ ఉద్యోగానికి అనర్హత కాకూడదని 1919లోనే చట్టం వచ్చింది. అయినా 1923లో రోండా స్థానిక సంస్థ తొలగించిన పెళ్ళైన టీచర్లు కోర్టుకు వెళితే ఓడిపోయారు. పూల్ పట్టణంలో మరో టీచరు కింది కోర్టులో గెలిచింది. 1926 నాటికి అప్పీలు కోర్టు ఆ గెలుపునూ లాగేసుకుంది. గృహిణి బాధ్యతలు, బడి బాధ్యతలు ఒకరే నిర్వహించలేరనే వాదన కోర్టులకు సబబుగానే కనిపించింది.

ఈ నిషేధం వల్ల శిక్షణ, అనుభవం ఉన్న వేలాది స్త్రీలు ఇళ్ళల్లో ఉండిపోయారు. కావాల్సినప్పుడు పిలవొచ్చు, అక్కర్లేనప్పుడు పంపేయొచ్చు. లండన్ కౌంటీ కౌన్సిల్ 1935లో నిషేధం ఎత్తేసింది. దేశమంతటికీ 1944 విద్యా చట్టం ఎత్తేసింది. అదే చట్టం చర్చలో ఉండగా టీచర్లకు స్త్రీ పురుష భేదం లేకుండా సమాన వేతనం ఇవ్వాలని థెల్మా కాజలెట్ కెయిర్ పెట్టిన సవరణ 117కి 116 ఓట్లతో నెగ్గింది. చర్చిల్ దాన్ని తన ప్రభుత్వం మీద విశ్వాస పరీక్షగా మార్చి రెండు రోజుల్లోనే తిప్పికొట్టాడు. పెళ్ళైన స్త్రీ బడిలోకి రావచ్చు, సమానంగా మాత్రం కాదు అని ఆ రెండు నిర్ణయాలూ కలిపి చెప్పాయి. సమాన వేతనం విడతలవారీగా అమలై పూర్తయ్యేసరికి 1961 వచ్చింది.

యుద్ధానంతరం స్థానిక విద్యాసంస్థలు తమ పరిధిలోని తాత్కాలిక టీచర్ల జాబితాలు ఉంచుకునేవి. పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి పూర్తికాలం పనిచేయలేని తల్లులు అందులో చాలామంది. పొద్దున్నే ఫోను వస్తే వెళ్ళేవారు. ఆ ఏర్పాటులో లోపాలున్నా వాళ్ళ జీతం జాతీయ వేతన స్కేలుకు ముడిపడి ఉండేది. 1987 తర్వాత టీచరు పనిదినాలు ఏడాదికి 195 అని నిర్ణయించారు కాబట్టి వార్షిక జీతాన్ని 195తో భాగిస్తే రోజు జీతం వచ్చేది. అనుభవం పెరిగితే జీతమూ పెరిగేది. టీచర్ల పింఛను పథకంలో చోటుండేది.

ఏజెన్సీ వచ్చింది

1988 విద్యా సంస్కరణల చట్టం ఈ ఏర్పాటును కదిలించింది. స్థానిక సంస్థ చేతిలోని బడ్జెట్టు బడుల చేతికి వెళ్ళింది. సెలవు టీచరు ఖర్చును ఇక ప్రతి బడీ తానే లెక్క చూసుకోవాలి. స్థానిక సంస్థల జాబితాలు చాలాచోట్ల పలచబడ్డాయి. ఆ ఖాళీలోకి ప్రైవేటు ఏజెన్సీలు వచ్చాయి. ఒక్క ఫోను చేస్తే గంటలో టీచరును పంపుతామన్నాయి. బడికి అది నిజంగానే సౌకర్యం. ఆ సౌకర్యం ధర ఎవరు కట్టారన్నది వేరే విషయం. ఏజెన్సీ ఉద్యోగికి జాతీయ వేతన స్కేలు వర్తించదు. టీచర్ల పింఛను పథకమూ వర్తించదు. బడి కట్టే మొత్తానికీ టీచరు చేతికొచ్చే మొత్తానికీ తేడా ఎంతో ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక తేదీ గమనించాలి. 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీల చట్టం ప్రకారం ఇలాంటి వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. 1994లో నియంత్రణలు సడలిస్తూ తెచ్చిన చట్టం ఆ లైసెన్సును తీసేసింది. 1995 నుంచి ఎవరైనా ఏజెన్సీ తెరవొచ్చు. సరిగ్గా టీచర్ల ఏజెన్సీలు పెరుగుతున్న రోజుల్లోనే తలుపుకున్న గడియ తీసేశారు. ఏడేళ్ళ తర్వాత, టీచర్ల కొరత తీవ్రమై, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల నుంచి యువతను తెచ్చి బడులు నెట్టుకొస్తున్న కాలంలో, అదే ప్రభుత్వ యంత్రాంగం స్వచ్ఛంద ముద్ర ఒకటి తయారుచేసింది. తప్పనిసరి లైసెన్సు ఉండాల్సిన చోట ఇష్టముంటే తీసుకునే ముద్ర వచ్చింది.

ఆ ముద్రలో ఏం చూశారు? టీచరును ముఖాముఖి ఇంటర్వ్యూ చేశారా, గుర్తింపు పత్రాలు సరిచూశారా, అర్హతలు, గత యజమానుల అభిప్రాయాలు, నేర చరిత్ర తనిఖీ, బడి అవసరానికి తగిన మనిషిని పంపారా, శిక్షణ అవకాశాల గురించి ఆలోచించారా? ఇవన్నీ అవసరమే. పిల్లల భద్రత విషయంలో రాజీ ఉండకూడదు. 2002 ఆగస్టులో సోహమ్‌లో ఇద్దరు బాలికలను వాళ్ళకు తెలిసిన బడి కేర్‌టేకరు హత్య చేశాక ఈ తనిఖీల విలువ ఎవరూ ప్రశ్నించలేదు. అదే ఏడాది ఆఫ్‌స్టెడ్ తాత్కాలిక టీచర్ల వినియోగం మీద నివేదిక ఇచ్చింది. బడి అలవాట్లు, పిల్లల స్థాయి, పాఠ్య ప్రణాళిక తెలియకుండా వచ్చిన మనిషి బాగా చెప్పలేదన్నది ఆ చర్చ అంతటా తిరిగిన మాట. దానికి పరిష్కారం సమాచారం, సమయం, స్థిరత్వం. ముద్ర వాటిలో కొంచెమే ఇవ్వగలదు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ జాబితాలోని దృష్టి కోణం. అందులో కొనేది బడి, అమ్మేది ఏజెన్సీ, పరీక్షకు గురయ్యేది టీచరు. ఆమె జీతం, జబ్బు సెలవు, పింఛను, ఫిర్యాదు చేసుకునే చోటు ఆ నాణ్యతకు కేంద్రం కాలేదు. రిగ్బీ వ్యాసం నాటి తర్కమే ఇక్కడా నడిచింది. ఆమె లోపల ఏముందో పరీక్షిద్దాం, ఆమె చుట్టూ ఏముందో అడగొద్దు.

తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. 2011 అక్టోబరు నుంచి ఏజెన్సీ ఉద్యోగుల నిబంధనలు అమలయ్యాయి. ఒకే చోట 12 వారాలు పనిచేస్తే శాశ్వత ఉద్యోగితో సమాన వేతనం ఇవ్వాలి. రోజుకో బడికి వెళ్ళే టీచరుకు 12 వారాలు ఎప్పటికి పూర్తవుతాయి? ఏజెన్సీయే యజమానిగా ఉండి, పని లేనప్పుడు కొంత చెల్లిస్తే ఈ సమానత్వం తప్పించుకునే మినహాయింపు కూడా ఆ నిబంధనల్లో పెట్టారు. దాన్ని 2020 ఏప్రిల్‌లో గానీ తొలగించలేదు. 2018లో ఇంగ్లండు ప్రభుత్వం ఏజెన్సీలతో కొత్త ఒప్పంద చట్రం తెచ్చింది. ఏజెన్సీ తన వాటా ఎంతో బడికి చెప్పాలన్నది అందులో ప్రధానాంశం. పారదర్శకత మళ్ళీ కొనేవారివైపే ముందు నడిచింది. మరోపక్క ఉత్తర ఐర్లండులో తాత్కాలిక టీచర్లకు ప్రభుత్వ రిజిస్టరే ఉంది. వేల్స్ 2023లో తన జాతీయ జాబితా తెచ్చింది. ప్రైవేటు ఏజెన్సీ తప్ప మరో మార్గం లేదనే వాదన పక్క వీధిలోనే వీగిపోయింది.

మన గుమ్మం దాకా

ఈ కథ మనకు దూరం కాదు. సంపన్న దేశాల ఏజెన్సీలు తమ టీచర్లను తరలించుకుపోతున్నాయని కరీబియన్ దేశాలు గట్టిగా అభ్యంతరం చెప్పాక, 2004 సెప్టెంబరు 1న ఇంగ్లండులోని స్టోక్ రాచ్‌ఫర్డ్‌లో కామన్వెల్త్ దేశాల విద్యా మంత్రులు టీచర్ల నియామక ప్రోటోకాల్‌ను ఆమోదించారు. తీసుకెళ్ళిన టీచరుకు స్థానిక టీచరుతో సమానమైన షరతులుండాలని, ఏజెన్సీల మీద పర్యవేక్షణ ఉండాలని అది చెప్పింది. చట్టబద్ధత లేకపోయినా టీచరు హక్కులను నాణ్యతలో భాగంగా చూసిన పత్రంగా నాకది ముఖ్యం. అమెరికాలోని జార్జియా రాష్ట్రపు బడులకు వెళ్ళిన భారతీయ టీచర్ల అనుభవాల మీద అలిస్సా హాడ్లీ డన్ 2013లో వెలువరించిన పుస్తకం చదివితే ఆ ప్రోటోకాల్ ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

ఇక మన దగ్గర. స్పెషల్ టీచర్లు, అప్రెంటిస్ టీచర్లు, విద్యా వాలంటీర్లు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్... పేర్లు మారుతూ వచ్చాయి. నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్లను ఆ అంకెతోనే పిలిచాం. మనిషికి ఆమె జీతమే పేరైంది. వాలంటీర్ అన్న మాటలో పని ఉంది, పనిమనిషి హక్కు లేదు. తెలంగాణలో 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు విద్యా వాలంటీర్లను మళ్ళీ తీసుకోలేదు. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు కాంట్రాక్టు స్త్రీ టీచర్ల భుజాల మీద నడిచాయి. ప్రైవేటు ఏజెన్సీల దోపిడీ తగ్గించడానికని ఆంధ్రప్రదేశ్ 2020లో అవుట్‌సోర్సింగ్ కోసం ప్రభుత్వ కార్పొరేషనే పెట్టింది. తాత్కాలిక ఉద్యోగికి క్రమబద్ధీకరణ హక్కు లేదని 2006లో ఉమాదేవి కేసులో, సమాన పనికి సమాన వేతనం ఇవ్వాల్సిందేనని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య సందులో ఎన్ని వేల జీవితాలున్నాయో.

పిహెచ్.డి. అయ్యాక నేను కూడా రెండేళ్ళు ఒక ఏజెన్సీ ద్వారా డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాను. నా సర్టిఫికెట్ల ఒరిజినల్స్ మూడుసార్లు చూశారు. నా పేర కాలేజీ ఏజెన్సీకి ఎంత కడుతోందని ఒక్కసారి అడిగితే అది మీకు సంబంధించిన విషయం కాదన్నారు. నా అనుభవం ప్రత్యేకమైంది కాదు. ఈ పత్రిక చదివే చాలామంది పార్ట్‌టైమ్, గెస్ట్ లెక్చరర్లకు ఆ జవాబు కంఠస్థమే.

చివరిగా మనలో మనం మాట్లాడుకోవాల్సిన ఒక విషయం. తాత్కాలిక టీచరు అవసరం ఎప్పుడు పడుతుంది? చాలాసార్లు శాశ్వత టీచరు ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు. ఆ సెలవు మనం తరాల పోరాటంతో సాధించుకున్న హక్కు. ఆ హక్కును ఆచరణలో నిలబెట్టేది ఆమె స్థానంలో వచ్చి పాఠం చెప్పే మరో స్త్రీ. బ్రిటన్‌లో చట్టబద్ధమైన ప్రసూతి వేతనానికి ఒకే యజమాని దగ్గర 26 వారాల నిరంతర ఉద్యోగం ఉండాలి. ఏజెన్సీ పనిలో అది ఇట్టే తెగిపోయే దారం. ఒక స్త్రీ సెలవు ఇంకో స్త్రీ సెలవులేనితనం మీద నిలబడితే దాన్ని విజయంగా లెక్కించగలమా? శాశ్వత ఉద్యోగుల సంఘాల్లో ఉన్న స్త్రీలు ఈ ప్రశ్న తమదిగా తీసుకోవాలి.

ఏజెన్సీలకు నాణ్యతా ప్రమాణాలు వద్దని నేను అనను. 1848లో ఒక పరీక్ష ఆలోచన కాలేజీ తలుపు తెరిచిందని చెప్పాను కదా. ఇప్పుడూ ప్రమాణం అలాంటి తలుపు కావచ్చు. అందుకు దాని జాబితా మారాలి. టీచరు అర్హతలు చూసిన చోటే ఆమె జీతం రసీదు చూడాలి. బడి కట్టిన మొత్తం ఆమెకు తెలియాలి. జబ్బు చేస్తే, గర్భం వస్తే ఏం జరుగుతుందో ఒప్పందంలో రాసి ఉండాలి. ఫిర్యాదు చేస్తే మర్నాడు ఫోను రావడం ఆగిపోకూడదు. బడికి వచ్చిన మొదటి రోజున పిల్లల పేర్ల పట్టీ, చెప్పాల్సిన పాఠం, సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి ఉండాలి. ఇవి ఉన్న ఏజెన్సీకి ముద్ర వేయండి. తప్పనిసరిగా వేయండి. ఆ ముద్ర కోసం తనిఖీకి వచ్చినవాళ్ళు ముందుగా మాట్లాడాల్సింది మాత్రం ఆ రోజు ఆ తరగతి గదిలో నిలబడ్డ పంతులమ్మతో.